చిట్టెలుకలకి పెట్-సీటీ కలిపిన స్కానర్ డిజైన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

వాల్తేరు_ఎంటెక్

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఎంటెక్ చేస్తున్నాను. ల్యాబ్ చిట్టెలుకల కోసం పెట్ (ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపేది), సీటీ (ఎక్స్‌రేతో ఒంటి లోపలి నిర్మాణం చూపేది), వీలైతే ఎంఆర్‌ఐ కూడా ఒకే మెషీన్‌లో ఉండే స్కానర్ డిజైన్ చెయ్యాలని ప్రాజెక్టు తీసుకున్నాను. మెషీన్ మొత్తం కట్టేంత డబ్బు లేదు. సిమ్యులేషన్, డ్రాయింగులు, ఒక చిన్న డిటెక్టర్ మాడ్యూల్ వరకూ చేయగలం.

హాస్పిటల్‌లో ఉండే పెట్-సీటీనే చిన్న సైజులో గీస్తే సరిపోదా? ఫోటాన్ తగిలితే వెలిగే డిటెక్టర్ క్రిస్టల్ ఎంత ఉండాలి, జంతువు చుట్టూ ఉండే డిటెక్టర్ల రింగ్ వ్యాసం ఎంత పెట్టాలి? గైడ్ గారు ముందు క్రిస్టల్ తేల్చుకోమన్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని అడుగుతున్నాను.

కైలాసగిరి_ఫోటాన్

సరిపోదు తమ్ముడూ. మనిషి 70 కిలోలు, చిట్టెలుక 25 గ్రాములు. హాస్పిటల్ పెట్ 4 నుంచి 6 మిల్లీమీటర్ల వివరం చూపిస్తుంది. చిట్టెలుక మెదడు వెడల్పే ఒక సెంటీమీటరు. ఆ మెషీన్‌లో పెడితే మెదడంతా రెండు మచ్చలుగా కనిపిస్తుంది. నువ్వు 1 మిల్లీమీటరు దగ్గరికి రావాలి. 5 మిల్లీమీటర్ల నుంచి 1కి వస్తే ఒక్కో వోక్సెల్ (బొమ్మలోని అతి చిన్న ఘనపు ముక్క) ఘనపరిమాణం 125 రెట్లు తగ్గిపోతుంది, దాన్నుంచి వచ్చే ఫోటాన్లూ అంతే తగ్గుతాయి. ఆ లోటు తీరాలంటే డిటెక్టర్లు జంతువుకి దగ్గరగా, చుట్టూ సందు లేకుండా ఉండాలి.

రిజొల్యూషన్‌ని మూడు విషయాలు ఆపుతాయి. మొదటిది క్రిస్టల్ వెడల్పు, 1.5 మిల్లీమీటర్లు పెడితే అందులో సగం, 0.75, నీ ఖాతాలో పడుతుంది. రెండోది, ఐసోటోప్ వదిలే పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైనప్పుడు పుట్టే రెండు 511 కేఈవీ (ఫోటాన్ శక్తి కొలత) ఫోటాన్లు కచ్చితంగా 180 డిగ్రీల్లో విడిపోవు. ఆ తేడా రింగ్ వ్యాసాన్ని 0.0022తో గుణించినంత. 150 మిల్లీమీటర్ల రింగుకి 0.33, మనుషుల 800 మిల్లీమీటర్ల రింగుకి 1.76. ఇక్కడ చిన్న మెషీన్‌దే పైచేయి. మూడోది పాజిట్రాన్ తను పుట్టిన చోటు నుంచి కొంత దూరం వెళ్లి ఆగడం. ఫ్లోరిన్-18కి అది సగటున అర మిల్లీమీటరు చిల్లర. అది ఐసోటోప్ స్వభావం, రింగ్ ఎంత బాగా కట్టినా మారదు.

1990ల్లో యూసీఎల్ఏలో సైమన్ చెర్రీ బృందం మైక్రోపెట్ కట్టింది. 1997లో దాని వివరాలు అచ్చయ్యాయి. 2 మిల్లీమీటర్ల ఎల్‌ఎస్‌ఓ అనే రకం క్రిస్టల్స్‌తో దాదాపు 2 మిల్లీమీటర్ల రిజొల్యూషన్ తెచ్చారు. చిన్న జంతువుల పెట్‌కి అది పెద్ద మలుపు. ఆ పేపరుతోనే చదవడం మొదలుపెట్టు.

వాల్తేరు_ఎంటెక్

చాలా థాంక్స్ సార్. రింగ్ చిన్నదైతే అన్నీ లాభాలే అన్నమాట. అయితే 80 మిల్లీమీటర్లు పెట్టేస్తాను.

కైలాసగిరి_ఫోటాన్

ఆగు. లెక్క చూస్తే ఆశ పుడుతుంది, నిజమే. 150 వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవు, క్రిస్టల్ నుంచి క్రిస్టల్‌కి 1.6 మిల్లీమీటర్లు అనుకుంటే సుమారు 18 వేల క్రిస్టల్స్ కావాలి. 80 వ్యాసానికి 10 వేల లోపే సరిపోతాయి. ఖర్చు దాదాపు సగం.

కానీ 511 కేఈవీ ఫోటాన్ని ఆపాలంటే క్రిస్టల్ లోతు కనీసం 10 మిల్లీమీటర్లుండాలి. మధ్యలో పుట్టిన ఫోటాన్ క్రిస్టల్‌లోకి నిటారుగా దిగుతుంది. పక్కగా పుట్టినది ఏటవాలుగా వచ్చి, ఒక క్రిస్టల్‌ని దాటి పక్కదాంట్లో ఆగుతుంది. ఎంత లోతులో ఆగిందో తెలియకపోతే, రెండు ఫోటాన్లు ఆగిన చోట్లని కలిపే గీత తప్పు చోట పడుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. రింగ్ చిన్నదయ్యేకొద్దీ ఇది ముదురుతుంది. మధ్యలో 1 మిల్లీమీటరు ఉన్న మెషీన్ అంచుకి వచ్చేసరికి 2 అయిపోవచ్చు.

లోతు కొలవడానికి పద్ధతులున్నాయి. క్రిస్టల్‌కి రెండు చివరలా సెన్సర్లు పెట్టి వెలుతురు ఎటు ఎక్కువ వచ్చిందో చూడొచ్చు. వేర్వేరు క్షీణ కాలాలున్న రెండు రకాల క్రిస్టల్స్ ఒకదానిమీద ఒకటి అతికించొచ్చు. లేదా ముక్కలు కోయకుండా పెద్ద దిమ్మనే వాడి, వెలుతురు పరుచుకున్న తీరునుంచి చోటు లెక్కగట్టొచ్చు. నీ మాడ్యూల్‌కి రెండు చివరల పద్ధతి తీసుకోమంటాను. సెన్సర్లు రెట్టింపవుతాయి గానీ లోతు సాఫీగా దొరుకుతుంది.

పరవాడ_ఫార్మకాలజీ

బాబూ, క్రిస్టల్ సంగతి వాళ్లు చెబుతారు. నేను ఈ మెషీన్ వాడేదాన్ని, మందులు పరీక్షించేదాన్ని. దీంతో ఏ ప్రశ్నకి జవాబు రాబట్టాలో ముందు రాసుకో.

మాకు ఇలాంటి స్కానర్ ఎందుకు కావాలంటే, అదే జంతువుని మళ్లీ మళ్లీ చూడొచ్చు. పాత పద్ధతిలో మందు ఇచ్చి, 5 వేర్వేరు రోజుల్లో ఆరేసి చిట్టెలుకల్ని చంపి అవయవాలు కొలిస్తే 30 జంతువులు పోతాయి. స్కానర్ ఉంటే ఆ ఆరింటినే 5 సార్లు చూస్తాం. పైగా ప్రతి జంతువూ దానికదే పోలిక అవుతుంది కాబట్టి ఒకదానికీ ఇంకోదానికీ ఉండే తేడా లెక్కని పాడుచేయదు. జంతు ప్రయోగాల గురించి రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు సూత్రాల్లో సంఖ్య తగ్గించడం ఒకటి. జంతువుల సంఖ్య ఎందుకు అంత కావాలని మా ఎథిక్స్ కమిటీ ప్రతి ప్రపోజల్‌కీ అడుగుతుంది, అడగాలి కూడా.

అయితే ఒకే జంతువు 5 సార్లు రావాలంటే ప్రతిసారీ క్షేమంగా లేవాలి. మెషీన్ డిజైన్‌లో ఈ మాట నాకు ఎక్కడా కనిపించదు. అందుకే చెబుతున్నాను.

ఇంకో సందేహం. పెట్‌కి సీటీ జతచెయ్యడం మనుషుల్లో అటెన్యుయేషన్ (ఫోటాన్లు ఒంట్లోనే ఆగిపోవడం) సరిచేయడానికి కూడా కదా, చిట్టెలుకలో ఆ అవసరం ఎంత?

కైలాసగిరి_ఫోటాన్

మంచి ప్రశ్న వేశారు మేడమ్. నీటిలో 511 కేఈవీకి అటెన్యుయేషన్ సెంటీమీటరుకి 0.096. మనిషి పొట్ట 30 సెంటీమీటర్లు అనుకుంటే నూటికి ఆరు ఫోటాన్ జంటలే సురక్షితంగా బయటపడతాయి. చిట్టెలుక 3 సెంటీమీటర్లు. నూటికి 75 బయటికొస్తాయి. 25 శాతం తేడాని సరిచేయకపోతే కొలతలు తప్పుతాయి కాబట్టి పని ఉంది. కానీ ఒంటి అంచు గీత ఎక్కడుందో తెలిస్తే చాలావరకు ఆ పని అయిపోతుంది.

డేవిడ్ టౌన్‌సెండ్, రాన్ నట్ మనుషుల పెట్-సీటీని 1998లో పిట్స్‌బర్గ్‌లో పెట్టినప్పుడు రెండు ప్రయోజనాలూ పెద్దవే. మన జంతువుకి మాత్రం సీటీ ప్రధానంగా చోటు చెప్పడానికి. వెలిగిన మచ్చ కాలేయంలోనా, పక్కనున్న పేగులోనా అన్నది పెట్ ఒక్కదానితో తేలదు.

పశువైద్యం_విశాఖ

సీటీ చోటు చెప్పడానికే అయితే దయచేసి డోసు తగ్గించండి. ఎముకలోని సన్నని పోగులు కనబడేంత రిజొల్యూషన్ ఎవరూ అడగకుండానే మెషీన్లు ఇస్తున్నాయి. అదే నాణ్యత ఉంచి వోక్సెల్‌ని సగం చేయాలంటే డోసు 16 రెట్లు పెంచాలి. చిట్టెలుక మొత్తం శరీరానికి కొన్ని గ్రేల (రేడియేషన్ డోసు కొలత) డోసు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అంతకన్నా ఎంతో తక్కువ డోసైనా వారం వారం తగిలితే ట్యూమర్ పెరుగుదల, రక్తకణాలు మారే ప్రమాదం ఉంది. అప్పుడు మీరు కొలిచేది మందు ప్రభావమా, ఎక్స్‌రే ప్రభావమా? 150, 200 మైక్రాన్ల వోక్సెల్ పెట్టండి. కాలేయం, కిడ్నీ, ఎముక తెలుస్తాయి, చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఈ చర్చలో ఇంతవరకూ జంతువు ఎక్కడ పడుకుంటుందో ఎవరూ అడగలేదు. నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: కలిపిన స్కానర్‌లో మొదట డిజైన్ చేయాల్సింది బెడ్. క్రిస్టల్ దాని తర్వాతే.

మత్తు ఇచ్చిన చిట్టెలుక తన ఒంటి వేడిని నిలుపుకోలేదు. 25 గ్రాముల ఒంటికి చర్మం వైశాల్యం చాలా ఎక్కువ, నిమిషాల్లో చల్లబడిపోతుంది. గుండె నిమిషానికి 500, 600 సార్లు కొట్టుకునే జంతువు అది. చల్లబడితే గుండె నెమ్మదిస్తుంది, రక్త ప్రసరణ మారుతుంది, మందు వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. ఎఫ్‌డీజీ (ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్) ఇచ్చే ముందునుంచే వెచ్చగా ఉంచకపోతే గ్లూకోజ్ అంతా గోధుమ కొవ్వులోకి, కండరాల్లోకి పోతుంది. ట్యూమర్ వెలగాల్సిన చోట వెన్ను పైభాగం వెలుగుతుంది. మెషీన్ బ్రహ్మాండంగా పనిచేసింది, బొమ్మ మాత్రం పనికిరాదు.

కాబట్టి బెడ్‌లో ఐసోఫ్లూరేన్ మత్తు గ్యాసు, ఆక్సిజన్ వచ్చే ముక్కు గొట్టం ఉండాలి. మిగిలిన గ్యాసు గదిలోకి రాకుండా వెనక్కి లాగే గొట్టం ఉండాలి. వేడి గాలి, ఊపిరి లెక్కపెట్టే చిన్న గాలి దిండు, ఈసీజీ తీగలు, తోకలోకి వెళ్లే సూదికి దారి, ఇవన్నీ పట్టాలి. రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకల్ని వాడేవాళ్లు చాలామంది. వాటిని బయటి గాలికి తెరిస్తే జబ్బు పడతాయి. అందుకని మూత వేసి ఫిల్టర్ పెట్టిన పారదర్శకమైన కాసెట్ కావాలి. ఈ కాసెట్ బయటి వ్యాసం ఎంతో తేలితే, నీ రింగ్ లోపలి వ్యాసం దానంతటదే తేలుతుంది.

ఉక్కునగరం_డిజైనర్

డాక్టర్ గారు చెప్పింది మెకానికల్ వైపు నుంచి కూడా నూటికి నూరుపాళ్లు నిజం. నేను మెడికల్ మెషీన్లు చేయలేదు, బరువు మోసే నిర్మాణాలు చేశాను. కానీ ఈ బెడ్ సమస్య నాకు బాగా తెలిసినదే.

సీటీ ముందు, పెట్ వెనక వరసగా పెడతారు అనుకుందాం. ఒకవైపు మాత్రమే పట్టుకున్న బెడ్ సీటీ దాటి పెట్ దాకా చాపాలి. చివర బరువు పెడితే కిందికి వంగడం పొడవు ఘనంతో పెరుగుతుంది: పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లు. సీటీలో ఒక ఎత్తులో ఉన్న జంతువు పెట్‌లో ఇంకొంచెం కింద ఉంటుంది. మనుషుల మెషీన్‌లో 1 మిల్లీమీటరు తేడా వస్తే సర్దుకుంటారేమో. ఇక్కడ 1 మిల్లీమీటరు అంటే నీ రిజొల్యూషన్ మొత్తం! రెండు చివరలా ఆనుకునే పట్టాలు పెట్టు. లేదా బెడ్‌ని కదపకుండా స్కానర్లనే పట్టాల మీద జరుపు. నేనైతే రెండోదే చేస్తాను. బరువైన వస్తువుని గట్టి పట్టాల మీద అదే చోటికి మళ్లీ మళ్లీ తేవడం సులువు, సన్నని బల్ల కొసని అలా తేవడం కష్టం.

బెడ్ పదార్థం కూడా చూసుకో. ఎక్స్‌రేకి కార్బన్ ఫైబర్ చక్కగా ఉంటుంది, పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది. ఎంఆర్‌ఐ కూడా అన్నావు. కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది, రేడియో తరంగాలకి అడ్డం. అక్కడ ప్లాస్టిక్కో గాజు ఫైబరో వాడాలి. ముందే ఒక నిర్ణయం తీసుకో.

వాల్తేరు_ఎంటెక్

డాక్టర్ గారూ, డిజైనర్ గారూ, మీ ఇద్దరి మాటలు చదివాక నా డ్రాయింగ్ అంతా మార్చాల్సి వస్తోంది. సీటీ కోసం జంతువునే తిప్పి, ట్యూబ్ కదలకుండా ఉంచితే ఖర్చు తగ్గుతుందా? బల్ల మీద పెట్టే మైక్రో-సీటీలు కొన్ని అలాగే ఉన్నాయి.

పశువైద్యం_విశాఖ

అవి ఎముక ముక్కలకీ, రాళ్లకీ. బతికున్న జంతువుని తిప్పితే పొట్టలో అవయవాలు జరుగుతాయి. పెట్‌లో ఉన్న పొట్టా సీటీలో ఉన్న పొట్టా ఒకటి కాకుండా పోతాయి. ట్యూబ్, డిటెక్టర్ రెండూ జంతువు చుట్టూ తిరగాల్సిందే.

గాజువాక_సర్క్యూట్

ఎలక్ట్రానిక్స్ నుంచి నా మాట. క్రిస్టల్ వెలుతురుని కరెంటు సిగ్నల్‌గా మార్చడానికి పాత ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు వద్దు, సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు తీసుకో. ట్యూబులో ఎలక్ట్రాన్లు ఖాళీ స్థలంలో ప్రయాణిస్తాయి, అయస్కాంతం దగ్గర దారి తప్పుతాయి. 1997లో మొదటిసారి ఎంఆర్‌ఐ లోపల పెట్ చేసినప్పుడు వెలుతురుని మీటర్ల పొడవు ఆప్టికల్ ఫైబర్లతో బయటికి తెచ్చి ట్యూబులకి ఇచ్చారు. దారిలోనే వెలుతురు చాలా పోయేది. 2008లో ట్యూబింగెన్‌లో పిక్లర్ బృందం అవలాంచ్ ఫోటోడయోడ్లతో 7 టెస్లా అయస్కాంతంలోనే చిట్టెలుకని పెట్, ఎంఆర్‌ఐ రెండూ ఒకేసారి చేసి చూపించింది. ఇప్పుడు సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు ఆ పని ఇంకా బాగా చేస్తాయి.

కానీ వీటికి ఉష్ణోగ్రతంటే పడదు. వేడి మారితే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) మారుతుంది. 10 డిగ్రీలు పెరిగితే చీకట్లో వచ్చే తప్పుడు పల్సులు సుమారు రెట్టింపవుతాయి. అందుకే చల్లబరుస్తారు. ఇక్కడే మన వైజాగ్ సమస్య. సముద్రం పక్కన ఎండాకాలం గాలిలో డ్యూ పాయింట్ (తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. డిటెక్టర్‌ని 15 డిగ్రీలకి చల్లబరిచావో, బోర్డు మీద నీళ్లు చేరతాయి. ఏసీ గదే కదా అని ధైర్యం వద్దు, రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగితే చాలు. డిటెక్టర్ పెట్టెని సీల్ చేసి పొడి గాలో నైట్రోజనో పంపాలి. తేమ సెన్సర్ పెట్టి, హద్దు దాటితే కూలింగ్ దానంతట అదే ఆగిపోయేలా చెయ్యాలి. ఉప్పు గాలికి కనెక్టర్లు పాడవుతాయి కాబట్టి బంగారు పూత ఉన్నవే తీసుకో. చల్లని దేశాల పేపర్లలో ఈ విషయం మీద ఒక్క వాక్యం కూడా ఉండదు.

ఇప్పుడు డాక్టర్ గారి బెడ్ 37 డిగ్రీలు కోరుతోంది. దానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో నా డిటెక్టర్ 20 కోరుతోంది. మధ్యలో ఇన్సులేషన్‌కి చోటు కావాలి, ఆ చోటు రింగ్ వ్యాసాన్ని పెంచుతుంది. మళ్లీ బెడ్ దగ్గరికే వచ్చాం.

ఇంకొకటి, టైమ్ ఆఫ్ ఫ్లయిట్ (రెండు ఫోటాన్లు చేరిన సమయాల తేడాతో చోటు పట్టే పద్ధతి) పెట్టాలని ఎవరైనా అంటే డబ్బు తగలెయ్యకు. 200 పికోసెకన్ల టైమింగ్ ఉన్నా చోటులో అనిశ్చితి 3 సెంటీమీటర్లు, అంటే చిట్టెలుక మొత్తం.

ఎంవీపీ_న్యూక్లియర్‌మెడిసిన్

తమ్ముడూ, నేను రోజూ ఇంజక్షన్లు కొలిచి ఇచ్చే టెక్నాలజిస్టుని. ఐసోటోప్ ఎక్కడినుంచి తెస్తావో ఆలోచించావా? ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. హైదరాబాద్‌లో దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ దగ్గర బయల్దేరి 600 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు మీద 11 గంటలు వస్తే, 6 అర్ధాయువులు అయిపోతాయి. మిగిలేది 64వ వంతు. విమానంలో తెచ్చినా సగానికి పైగా దారిలోనే పోతుంది. విమానం ఆలస్యమైతే మత్తు ఇచ్చిన జంతువులు ఎదురుచూడలేవు.

గాలియం-68 జనరేటర్ (ఐసోటోప్‌ని అక్కడికక్కడే ఇచ్చే పరికరం) ఉంటే ఊళ్లోనే దొరుకుతుంది. కానీ దాని పాజిట్రాన్ శక్తి ఎక్కువ, సగటున 3 మిల్లీమీటర్ల దాకా వెళ్లి ఆగుతుంది. నువ్వు కష్టపడి తెచ్చిన 1 మిల్లీమీటరు రింగ్ దాని ముందు వృథా.

నేను చెప్పేది స్పెక్ట్-సీటీ చెయ్యమని. స్పెక్ట్ అంటే ఫోటాన్ జంటలు కాకుండా, ఐసోటోప్ వదిలే గామా ఫోటాన్లని విడివిడిగా పట్టే పద్ధతి. టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు, 140 కేఈవీ, మా లాంటి ప్రతి విభాగంలోనూ జనరేటర్ ఉంటుంది. పిన్‌హోల్ పెట్టి జంతువుని దగ్గరికి తెస్తే బొమ్మ డిటెక్టర్ మీద పెద్దదై పడుతుంది. రంధ్రం అర మిల్లీమీటరు, 4 రెట్ల మాగ్నిఫికేషన్, డిటెక్టర్ సొంత రిజొల్యూషన్ 3 మిల్లీమీటర్లు అనుకో. లెక్క కడితే జంతువు దగ్గర 1 మిల్లీమీటరు వస్తుంది. మామూలు సోడియం అయొడైడ్ గామా కెమెరాతోనే! పాజిట్రాన్ దూరం లేదు, 180 డిగ్రీల తేడా లేదు. నెదర్లాండ్స్‌లో బేక్‌మన్ బృందం చాలా పిన్‌హోల్స్ పెట్టి అర మిల్లీమీటరు లోపలికే వెళ్లింది.

కైలాసగిరి_ఫోటాన్

సున్నితత్వం సంగతి కూడా చెప్పాలి కదండీ. మీరు చెప్పిన రంధ్రాన్ని 3 సెంటీమీటర్ల దూరంలో పెడితే లక్ష ఫోటాన్లకి రెండు కూడా దాటవు. అలాంటివి 50 పెట్టినా 0.1 శాతం లోపే. మంచి చిట్టెలుకల పెట్ 5 శాతం పైన పట్టుకుంటుంది. నిమిషం నిమిషానికీ మందు ఎలా కదులుతుందో చూడాలంటే పెట్ కావాలి.

ఎంవీపీ_న్యూక్లియర్‌మెడిసిన్

ఒప్పుకుంటాను సార్. కానీ రోజుకోసారి చూసే అధ్యయనానికి అది అడ్డం కాదు, అరగంట ఎక్కువ స్కాన్ చేస్తాం. పెట్‌కి ఐసోటోప్ అందని రోజు 5 శాతం సున్నితత్వం ఎవరికి ఉపయోగం? ఈ అబ్బాయి చదువు అయ్యేలోపు ఒక్క నిజమైన బొమ్మ రావాలని నా ఆశ.

పరవాడ_ఫార్మకాలజీ

మీ ఇద్దరి మాటా సరైనదే, ప్రశ్నని బట్టి. మా యాంటీబాడీలు ట్యూమర్‌కి చేరడానికి రోజులు పడుతుంది. వాటికి 110 నిమిషాల ఫ్లోరిన్ పనికిరాదు. జిర్కోనియం-89తో పెట్, లేదా ఇండియం-111తో స్పెక్ట్. మెదడులో రిసెప్టర్లకి అతుక్కునే చిన్న అణువులైతే పెట్ తప్పనిసరి. అక్కడ ఇంకో జాగ్రత్త: చిట్టెలుక రక్తమంతా కలిపి 2 మిల్లీలీటర్లే. రేడియోధార్మికత లేని మందు ఎక్కువ కలిసి వెళితే రిసెప్టర్లన్నీ దానితోనే నిండిపోతాయి. స్కానర్ సున్నితంగా ఉంటేనే తక్కువ మందు ఇవ్వగలం. బాబూ, నీ ప్రశ్న ఏది?

వాల్తేరు_ఎంటెక్

మా కాలేజీతో కలిసి పనిచేసే ఫార్మసీ వాళ్లు మందు పూత పూసిన నానో కణాలు కాలేయంలో, ట్యూమర్‌లో ఎన్నాళ్లు ఉంటాయో చూడాలంటున్నారు. టెక్నీషియంతోనే లేబుల్ చేస్తారట. అంటే నాకు కావాల్సింది స్పెక్ట్-సీటీయే. ఎంఆర్‌ఐ వదిలేస్తున్నాను. పెట్ రింగ్ తర్వాత అదే పట్టాల మీద చేర్చగలిగేలా చోటు ఉంచుతాను. గైడ్ గారికి ఈ చర్చ మొత్తం చూపించాను. ముందు బెడ్ గీయడానికి ఆయన కూడా ఒప్పుకున్నారు.

ఇంకో సందేహం: రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయని ఎలా రుజువు చేయాలి?

ఎంవీపీ_న్యూక్లియర్‌మెడిసిన్

రెండింట్లోనూ కనబడే చుక్కలున్న ఫాంటమ్ (జంతువు బదులు పెట్టే నమూనా) చేయి. ప్లాస్టిక్ దిమ్మలో ఒకే వరసలో లేకుండా, ఒకే తలంలో లేకుండా కనీసం నాలుగు సన్నని గుంటలు. వాటిలో టెక్నీషియం, సీటీ కోసం కొద్దిగా అయొడిన్ కాంట్రాస్ట్ కలిపి నింపు. ఒక బొమ్మని రెండోదానిమీద కూర్చోబెట్టడానికి మూడు జరుగుళ్లు, మూడు తిరుగుళ్లు, మొత్తం ఆరు సంఖ్యలు వస్తాయి. బెడ్ తీసి మళ్లీ పెట్టి, బరువు మార్చి, మర్నాడు మళ్లీ కొలువు. ఆ ఆరు సంఖ్యలు ఎంత కదులుతున్నాయో అదే నీ మెషీన్ నిజమైన నాణ్యత. పెట్ చేర్చినప్పుడు సోడియం-22 చుక్కలు వాడు, పరికరాల ప్రమాణాలు రాసే ఎన్ఈఎంఏ సంస్థ వాళ్ల ఎన్‌యూ 4-2008 ప్రమాణం చదువు.

కైలాసగిరి_ఫోటాన్

సిమ్యులేషన్‌కి గేట్ అనే సాఫ్ట్‌వేర్ వాడు, జియాంట్4 మీద కట్టినది, ఉచితం. పిన్‌హోల్ అంచుల్ని నిజమైన టంగ్‌స్టన్‌గా పెట్టు. అంచులో నుంచి కూడా ఫోటాన్లు దూసుకొస్తాయి కాబట్టి రంధ్రం నువ్వు గీసినదానికన్నా పెద్దదిగా పనిచేస్తుంది, అది లెక్కలోకి రావాలి.

పశువైద్యం_విశాఖ

జంతువు దాకా వచ్చే ముందు ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఎక్స్‌రేకీ ఐసోటోప్‌కీ ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) అనుమతులు. వీటికి నెలలు పడుతుంది, దరఖాస్తులు ఇప్పుడే మొదలుపెట్టండి. అంతవరకూ ఫాంటమ్‌లతో పని చేసుకోండి.

వాల్తేరు_ఎంటెక్

సరే సార్. కాసెట్ మొదటి డ్రాయింగ్: లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు, గోడ 2, వేడి గాలికి చుట్టూ 4 మిల్లీమీటర్ల సందు, బయట ఇంకో 2 మిల్లీమీటర్ల గోడ. మొత్తం 56. పిన్‌హోల్ సిలిండర్ లోపలి వ్యాసం 60 పెట్టాను. ఇక్కడి వైద్య పరికరాల పార్కు మెడ్‌టెక్ జోన్‌లో త్రీడీ ప్రింటింగ్ చేయించుకోవచ్చేమో కనుక్కుంటున్నాను.

పశువైద్యం_విశాఖ

40 చాలు. కానీ ముక్కు గొట్టం, వెనక్కి లాగే గొట్టం రెండూ ఒకే కొసన పెట్టావు. జంతువు మెలకువకి వస్తే నేను ఎటునుంచి చెయ్యి పెట్టాలి? తోక వైపు మూత రెండు సెకన్లలో ఊడేలా ఉండాలి. అది మార్చి మళ్లీ పెట్టు, చూస్తాను.

ఉక్కునగరం_డిజైనర్

ఆ మూతకి మర చుట్లు వద్దు, పావు తిప్పు తిప్పితే ఊడే బయోనెట్ లాక్ పెట్టు. స్కెచ్ రాత్రికి పంపుతాను.